అయిదు కిలోల తునికి పండ్లు

పస్రా దాటినంక, రోడ్డు పక్క
మోదుగాకు దొప్పల్లో కుప్పలు పోసి కూసుంది
పూనెం ముత్తక్క.
అయిదు కిలోలకు మూడొందలంది.
రెండొందలకు తెగ్గొట్టిన.
స్కాలర్‌షిప్పు ఏడు నెలల నుంచి రాలేదని చెప్పలేదు.
చెప్పినా తునికి చెట్టుకేం సంబంధం?

"గిన్ని పండ్లు ఒక్కదానివే తింటవా బిడ్డా?"
"తినను. సారం తీస్త."
"తినకుంట తీసుడేంది?"
నవ్వింది. వక్క ఎరుపు పళ్ల సందుల్లో మెరిసింది.

తునికాకుకు లెక్కుంది.
యాభై ఆకుల కట్ట, కల్లం, కాంట్రాక్టరు, రసీదు.
పండుకు ఎవ్వరూ లేరు.
కోతులు, గుడ్డెలుగులు, బడికి పోని మధ్యాహ్నాల్లో పిల్లలు.
ఇప్పుడు నేను.

హన్మకొండ. మే నెల. మా ల్యాబుల ఫ్యాను వెయ్యం,
పొడి లేస్తదని.
గింజ తీసి, తొక్క తీసి, గుజ్జును పల్చగ పరిచి
తొమ్మిది రోజులు నీడకు ఎండబెట్టిన.
వచ్చుకుంట పోవుకుంట అటెండరు కొమ్రెల్లి
ఒక ముక్క నోట్లె వేసుకునేటోడు.
"తక్కువైతే నన్ను తూకమెయ్యి మేడం."
నోటుబుక్కుల రాసిన: ఎండుట వలన తరుగు.

సాక్స్‌లెట్ ముందట కూసుంటే నిద్ర రాదు.
కింద మిథనాల్ మసులుతది,
ఆవిరై పైకి పోయి చల్లటి గాజుకు తల తాకిచ్చుకొని
చుక్క చుక్క పండు మీద పడతది.
నిండుతది, నిండుతది,
ఇగ పట్టదనుకున్నప్పుడు
ఒక్క గుక్కల కిందికి దుంకుతది.
ఒకటి. రెండు. పదకొండు.
మొదలు డికాషను రంగు, తర్వాత ఎండుగడ్డి రంగు,
ఆఖరుకు ఉత్త నీళ్ల తీరు.
పండు ఇగ చెప్పేదేం లేదన్నట్టు.

ఇరవై నాలుగో గుక్కకు నల్లా బందైంది.
కొమ్రెల్లి పాత కూలర్ మోటరు బకెట్ల ఏసి,
చౌరస్తాల చెరుకురసం బండికాడికెళ్లి
గోనెసంచిల ఐసుగడ్డ మోసుకొచ్చిండు.
ఆ రాత్రి నా పరిశోధనను చల్లగ ఉంచింది
ఎవరో తాగాల్సిన చెరుకురసం.

మిథనాల్‌ను మళ్లీ మళ్లీ తిప్పి ఎల్లగొడితే
ఫ్లాస్కు అడుగున బెల్లం పాకమంత మిగిలింది.
దాన్ని సిలికా స్తంభంల పోసి దించిన.
రంగులు విడిపోయినయి, వేరుపడ్డ అన్నదమ్ముల లెక్క,
ఎవరి గీత వాళ్లది.
పదిహేడో గొట్టంలది ఎవరికీ కనపడలేదు.
చీకటిగదిల నీలిదీపం కింద పెడితే
అదొక్కటే వెలిగింది.

ఊదా రంగు ద్రావణంల దాని బొట్టు వేసిన.
ఊదా విరిగి పసుపుకు తిరిగింది.
పని చేస్తదన్నట్టు.
గాజు గొట్టంల పని చేస్తదన్నట్టు, అంతే.
మనిషి లోపల ఏం చేస్తదో
ఈ రంగుకు తెల్వదు, నాకు తెల్వదు.

తూకం: పదకొండు మిల్లీగ్రాములు.
ఈగ రెక్కంత. తుమ్మితే పోతది.
రెండు చేతుల్తో పట్టుకున్న, చిన్న సీసాను
పురిటిబిడ్డ లెక్క.

థీసిస్‌ల రాసిన:
పండ్లు స్థానికంగా సేకరించబడినవి.
గైడ్ మేడం టిక్కు పెట్టింది.
సేకరించబడినవి.
ఎవరి వేళ్లతో, ఏ పొద్దున, ఏ చెట్టు కింద గుడ్డెలుగు అలికిడి విని
ఊపిరి బిగపట్టి ఏరబడినవో
ఆ క్రియల ఎంత వెతికినా కర్త దొరకదు.
దిగుబడి శాతం కట్టినప్పుడు
నేను తెగ్గొట్టిన వంద రూపాయలు కూడ
ఏ గడిలకూ రాలేదు.

మూడుసార్లు చేస్తేనే నిజమంటరు మా శాస్త్రంల.
వచ్చే ఎండలకు ఇంకో పది కిలోలు కావాలె.
ఈసారి ముత్తక్క ఎంతంటే అంతే
అని అనుకుంటున్న.

స్కాలర్‌షిప్పు ఇంకా రాలేదు.